ఈ వారం ఎవరి వంతు?

గురువారం రాత్రి భోజనాలయ్యే వేళకి మా వాట్సాప్ గ్రూపులో ఒక కథ వచ్చి పడుతుంది. 14 పేజీల పీడీఎఫ్. శనివారం రాత్రి జూమ్‌లో కూచుని దాని గురించి మాట్లాడుకోవాలన్నది ఏర్పాటు. ఫైలు ఇంకా ఫోన్లోకి దిగనే దిగదు, కింద మొదలవుతాయి: చప్పట్లు, దణ్ణాలు, ఒక గులాబీ, ‘అద్భుతం సార్’, ‘కళ్లు చెమర్చాయి మేడమ్’. టైము చూస్తే కథ వచ్చి రెండు నిమిషాలు కూడా అయ్యుండదు. రెండు నిమిషాల్లో అన్ని పేజీలూ చదివి, కళ్లు చెమర్చి, తుడుచుకుని, ఆ సంగతి టైపు కూడా చేయగలిగినవాళ్లు ఎవరబ్బా అని మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత చిరాకేసేది. ఈమధ్య ఆ చిరాకూ పోయి దిగులు మిగిలింది. ఎందుకంటే శనివారం నాడు ఆ పేర్లు చాలావరకు తెర మీద కనిపించవు. కనిపించినవాళ్లలో కొందరు ‘మీరంతా మాట్లాడండి, నేను వింటూ ఉంటాను’ అని మైకు ఆపేసుకుంటారు. కెమెరా ఎలాగూ ఆపే ఉంటుంది. కథని నిజంగా చదివి, పక్కన పెన్సిలు గీతలు పెట్టుకుని వచ్చేది నలుగురో అయిదుగురో. వ్యవహారమంతా ఆ కొద్దిమంది మీదే నడుస్తోంది. మరి మిగతావాళ్ల పొగడ్తని ఏమనుకోవాలి? అబద్ధమా? అబద్ధమాడాలని ఎవరూ ఆడరు. తోటి మనిషి ఏదో రాసుకున్నారు, నాలుగు మంచి మాటలు అందాం అనే మంచితనమే అందులో ఉంది. అయినా నాకొక అనుమానం. ఒకసారి ‘అద్భుతం’ అనేశాక ఇక చదవక్కర్లేదన్న వెసులుబాటు కూడా అందులోనే ఉందేమో.

ఈ వర్క్‌షాప్ ఎలా మొదలైందో తలచుకుంటే ఇప్పటి పరిస్థితి ఇంకా వింతగా తోస్తుంది. 2020 మార్చి చివర్లో దేశమంతా తలుపులేసుకుని కూచున్నప్పుడు పుట్టినవాటిలో ఇదొకటి. అంతకుముందు కథ గురించి కాస్త పట్టించుకుని మాట్లాడుకోవాలంటే ఊరు కలిసి రావాలి. హైదరాబాదులో ఉంటే సుందరయ్య విజ్ఞాన కేంద్రమో, అబిడ్స్‌లో గోల్డెన్ త్రెషోల్డో. విశాఖలో ఉంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం. ఏ మండల కేంద్రంలోనో స్కూలు టీచరుగా ఉన్నవాళ్లకి, సాయంత్రం ఆరయ్యాక ఇల్లు కదలడానికి వీల్లేని ఆడవాళ్లకి, కువైట్‌లో డ్యూటీ చేస్తూ రాసుకునే కడప కుర్రాళ్లకి ఆ మాటలు చేరేవి కావు. ఒక్కసారిగా వాళ్లంతా ఒకే తెర మీదికి వచ్చేశారు. మన దగ్గర రాత్రి ఎనిమిదంటే కువైట్‌లో సాయంత్రం ఐదున్నర. డాలస్‌లో ఎండాకాలమైతే పొద్దున తొమ్మిదిన్నర, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరిపాక ఎనిమిదిన్నర. ఏటా ఆ మార్పు జరిగిన వారం అక్కడివాళ్లలో ఒకరిద్దరు గంట ఆలస్యంగా వచ్చి, అప్పుడే సగం ముక్కలైన కథను చూసి కంగారుపడేవారు. మెల్‌బోర్న్‌లో ఉన్నావిడకి అర్ధరాత్రి దాటిపోయేది. అయినా ఆవిడే అందరికంటే ముందు వచ్చి కూచునేది. డబ్బు కట్టకుండా వాడుకుంటే జూమ్ 40 నిమిషాలకు దానంతటదే తెగిపోతుంది కదా. సరిగ్గా కథకుడికి గట్టి మాట తగలబోయే క్షణానికి తెర ఆరిపోయేది. మళ్లీ లింకు నొక్కి లోపలికి వచ్చేసరికి కోపాలు కొంత చల్లారేవి, మనుషులు కూడా కొంత తగ్గేవారు. ఆ తెగిపోవడమే ఎన్ని స్నేహాలు కాపాడిందో ఎవరు చెప్పగలరు!

రోజులు గడిచాక తలుపులు తెరుచుకున్నాయి, ఆఫీసులు పిలిచాయి, పిల్లలు బళ్లకు వెళ్లారు. తెర మీద గళ్లు తగ్గుతూ వచ్చాయి. అది సహజమే. ఖాళీ దొరికితే వచ్చినవాళ్లు ఖాళీ పోతే వెళతారు. నన్ను ఆలోచనలో పడేసింది వెళ్లినవాళ్ల సంగతి కాదు, ఉండిపోయినవాళ్లం ఎలా ఉండిపోయామన్నది. మా వర్క్‌షాపుని నడిపింది ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్. అందరం మేడమ్ అనే పిలుస్తాం. ఆవిడ చేసే పనుల చిట్టా ఎవరూ రాసిపెట్టలేదు గానీ రాస్తే ఇలా ఉంటుంది. వచ్చే నెల ఎవరు కథ ఇస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం. ఇస్తానన్నవాళ్లు ఇవ్వకపోతే ఇంకొకరిని బతిమాలడం. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన కథ వస్తే దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఆ మార్పిడిలో చెడిన అక్షరాలను ఒక్కొక్కటే సరిచేయడం. ఎప్పుడూ మాట్లాడే ఇద్దరినీ నొప్పించకుండా ఆపడం, ఎప్పుడూ మాట్లాడని ఇద్దరి చేత ఒక్క వాక్యమైనా అనిపించడం. అన్నిటికంటే కష్టమైనది ఆదివారం పొద్దుటి పని. ముందు రాత్రి కథ మీద విమర్శ విని చిన్నబుచ్చుకున్న మనిషికి ఫోన్ చేసి, ‘కాఫీ తాగావా నాయనా’ అని మొదలుపెట్టి, అరగంట వాళ్ల కథ తప్ప అన్నీ మాట్లాడి, చివర్లో ‘ఆ మూడో పేజీ మాత్రం వదులుకోకు’ అని పెట్టేయడం. వీటిలో ఒక్కటీ సాహిత్య చరిత్రకెక్కే పని కాదు. ఈ పనుల్లో ఏ ఒక్కటి ఆగినా ఆ వారం సాహిత్యమూ జరగదు.

తర్వాత ఆవిడ కూతురి పురిటికని విదేశం వెళ్లారు. వెళ్లేముందు అందరికీ చెప్పారు, కథల జాబితా గ్రూపులో పెట్టారు. మొదటి శనివారం ఎవరో లింకు పంపారు, కొద్దిమందిమి కలిశాం. రెండో వారం లింకు ఎవరు పంపాలో తేలలేదు. ఆ తర్వాత ‘మేడమ్ వచ్చాక చూద్దాంలెండి’ అన్న మాట ఒకరు అన్నారు, మిగతావాళ్లు దానికి బొటనవేళ్లు ఎత్తి ఊరుకున్నారు. ఎవరూ వద్దనలేదు, తగువు పడలేదు, మానేద్దామని తీర్మానించలేదు. అయినా ఆగిపోయింది. అంతవరకూ మేము అనుకుంటున్నదేమిటి? ఇది మా అందరి వర్క్‌షాప్ అని. గ్రూపు పేరులో కూడా ‘మన’ అని ఉంది. మా అందరిదీ అయినది ఒక్క మనిషి విమానమెక్కితే ఎలా ఆగిపోతుంది? బద్ధకం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. నాకు మాత్రం అది బద్ధకం అనిపించలేదు. ఆవిడ అంత చక్కగా, అంత చప్పుడు లేకుండా చేయడం వల్ల అక్కడ చేయాల్సిన పని ఒకటి ఉందన్న సంగతే మాకు తెలియలేదు. కనపడని పనిని నేర్చుకోవడం ఎవరి వల్ల అవుతుంది? ఈ మాట అంటున్నానంటే ఆవిడ మంచితనంలో తప్పు వెతుకుతున్నానా? కాదనే అనుకుంటాను. కానీ ప్రాణం పెట్టి నడిపే మనిషి ఉండటమే ఒక్కోసారి ఆ పనికి గండమవుతుందేమో అన్న ఆలోచన మాత్రం వదలలేదు.

అప్పుడే మా ఊరి ఏకాహం గుర్తొచ్చింది. కార్తీకంలో రామాలయం దగ్గర ఒక రోజు పొద్దు పొడుపు నుంచి మర్నాటి పొద్దు పొడుపు దాకా నామం ఆగకూడదు. గుడి ముందు పందిరి, మధ్యలో దీపం, దాని చుట్టూ తాళాలు వేస్తూ తిరిగే భజన మేళం. మా ఊరి మేళాలే కాక చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చేవి. గంటల లెక్కన వంతులు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వంతు కోసం పోటీ. ఊరంతా చూస్తుంది, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, హార్మోనియం బాగా వాయించేవాడు ఆ వేళకే తన పనితనమంతా దాచుకుంటాడు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా వంతు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. చలి, నిద్ర, వినేవాడు లేడు. ఆ వంతు తీసుకునే నలుగురైదుగురికి గొంతులు పెద్దగా లేవు, తెల్లవారితే పొలానికి పోవాల్సినవాళ్లు. నామం ఆగలేదని మర్నాడు ఊరు చెప్పుకునేదంటే ఆ అపశ్రుతి గొంతుల పుణ్యమే. చిన్నప్పుడు నేను గమనించనిది, ఇప్పుడు ఆలోచిస్తే తడుతున్నది ఇంకొకటుంది. ఒక మేళం ఆపాక రెండో మేళం అందుకోవడం అక్కడ ఉండదు. రెండో మేళంవాళ్లు కాస్త ముందే వచ్చి, మొదటివాళ్ల వరసలోనే గొంతు కలిపి, కొన్ని చుట్లు వాళ్లతో కలిసి తిరుగుతారు. నడక అలవాటయ్యాక ఒక్కొక్కరే తాళాలు చేతికందిస్తూ పక్కకి తప్పుకుంటారు. ఎవరు ఎప్పుడు దిగిపోయారో, ఎవరు ఎప్పుడు ఎక్కారో చూసేవాడికి తెలియదు. మా వర్క్‌షాపులో లేనిది ఆ కలిసి తిరిగే కాసేపు. మేడమ్ ఒంటరిగా తిరిగి తిరిగి, ఒకరోజు తాళాలు కింద పెట్టి వెళ్లారు. వాటిని ఎత్తుకునే అలవాటు మాలో ఎవరి చేతులకీ లేదు.

వేరే దేశాల్లో, వేరే భాషల్లో ఇలాంటివి ఎలా బతికాయో చదువుతూ కూచున్నాను కొన్నాళ్లు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు కొందరు, డేమన్ నైట్ చొరవతో, 1956లో పెన్సిల్వేనియాలోని మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో కలిసి ఒకరి రాత ఒకరు విమర్శించుకోవడం మొదలుపెట్టారు. 1968లో మొదలైన క్లారియన్ వర్క్‌షాపు కూడా ఆ పద్ధతినే అందుకుంది. పద్ధతి చాలా మామూలుది. వరసగా ఒక్కొక్కరూ టైము చూసుకుని మాట్లాడతారు, అంతసేపూ కథ రాసినవాళ్లు నోరు విప్పకూడదు, అందరూ అయ్యాకే వాళ్ల జవాబు. మేమూ దీన్ని పెట్టి చూశాం. తెలుగువాళ్లం నోరు విప్పకుండా కూచోవడమా! రెండో మాటకే ‘అది కాదండీ, నేను చెప్పేది వినండి, ఇది నిజంగా జరిగింది’ అని మైకు తెరుచుకునేది. నిజంగా జరిగింది గనక ప్రశ్నించకూడదు అన్నది మన కథకులకు కవచకుండలాలు. దానికి రెండో వైపు ఇంకా కష్టం. రచయిత పెద్దవారైతే, నాలుగు సంకలనాలు, రెండు అవార్డులు ఉన్నవారైతే, పాతికేళ్ల పిల్ల ఆయన కథలో ముగింపు అతికినట్టు లేదని ఎలా అంటుంది? ‘మీలాంటి పెద్దలకు చెప్పేంతటిదాన్ని కాదు గానీ’ అని మొదలుపెడుతుంది, ఆ ‘గానీ’ తర్వాత ఏమీ రాదు. మొహమాటం మనకి మర్యాద నేర్పింది, కాదనను. కానీ ఒక కథకి జరగాల్సిన మేలు ఆ మొహమాటంలో ఎన్నిసార్లు ఆగిపోయిందో! ఒక రాత్రి మాత్రం కువైట్ కుర్రాడు మొహమాటం లేకుండా ఆ పెద్దాయననే అడిగాడు: ‘సార్, మీ కథలో ఈ డ్రైవరు జీతం ఎంతో మీకు తెలుసా?’ ఆయన కాసేపు తడుముకుని ‘తెలియదు నాయనా, చెప్పు’ అన్నారు. ఆ రాత్రి మెల్‌బోర్న్ ఆవిడ నిద్ర చెడినందుకు బాధపడి ఉండదు.

1995లోనే ఈమెయిలు మీద మొదలై ఇప్పటికీ నడుస్తున్న క్రిటర్స్ అనే బృందం ఇంకొక దారి పట్టింది. ఆండ్రూ బర్ట్ అనే రచయిత మొదలుపెట్టింది. అక్కడ తమ కథ అందరి ముందుకు రావాలంటే నాలుగు వారాల్లో మూడు వారాలైనా ఇతరుల కథలు చదివి అభిప్రాయం రాసి ఉండాలి. చదవడం దయ కాదు, చందా అన్నమాట. వినగానే నాకు భలే నచ్చింది. మా దగ్గరా ఎవరో ప్రతిపాదించారు: ఇద్దరి కథలకు అభిప్రాయం రాస్తేనే మీ కథకి వంతు. పాటించారు కూడా. కాకపోతే ఏం జరిగింది? ‘శిల్పం బాగుంది, ముగింపు ఆలోచింపజేసేలా ఉంది’ అని ఒకే ముక్క రెండు కథలకీ వచ్చేది. ఒకసారి ఒక కథకి ముగింపే లేదు, రచయిత సగమే పంపారు, దానికీ అదే అభిప్రాయం. నియమం మనిషిని కుర్చీలో కూచోబెట్టగలదు, కళ్లు పేజీ మీదికి దించలేదు. ఈమధ్య ఇంకొకటి చేరింది. కథని ఏఐకి ఇచ్చి, అది చెప్పిన బలాలు ఐదూ బలహీనతలు మూడూ తెచ్చి గ్రూపులో పెట్టేవాళ్లు తయారయ్యారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, తప్పులు కూడా కొన్ని సరిగానే పట్టుకుంటుంది. కానీ ఆ మూడో పేజీలో తల్లి కొడుకుని పేరు పెట్టి పిలవడం మానేసిందని గమనించి, ‘ఎందుకు మానేసిందండీ?’ అని అడిగి, జవాబు కోసం ఒకరు నిజంగా ఎదురుచూస్తున్నారన్నది రాసినవాళ్లకి అందులో దొరకదు. కథ రాసేవాళ్లు వర్క్‌షాపుకి వచ్చేది తప్పులు దిద్దించుకోవడానికేనా? అంతకంటే ముందు, ఎవరో ఒకరు చదివారని తెలుసుకోవడానికి కాదూ?

చదవడం గురించి అనుకుంటే కాళీపట్నం రామారావు మాస్టారు తలపుకు రాకుండా ఉండరు. కొత్తవాళ్ల కథలు చదివి, కూచోబెట్టుకుని మాట్లాడి, మళ్లీ రాయించిన మనిషిగా ఆయన్ని ఉత్తరాంధ్ర కథకులు ఎంతమందో తలచుకుంటారు. తనకి అవార్డుల మీద వచ్చిన డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. తెలుగులో వచ్చిన కథ ఏదైనా ఒక చోట దొరకాలన్న పట్టుదల అది. 2021లో ఆయన వెళ్లిపోయారు, కథానిలయం ఉంది. ఎలా ఉంది? భవనం ఉంది గనక అని ఒక జవాబు. ఆయన ఉండగానే ఇతరుల చేతులు అందులో పడ్డాయి గనక అని నేననుకునే జవాబు. దూరదేశంలో ఇంకొక ఉదాహరణ ఉంది. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు కొందరు ‘ఈమాట’ పత్రిక మొదలుపెట్టారు. కంప్యూటర్లో తెలుగు లిపి కనపడటమే గగనమైన రోజులు, ఇంగ్లీషు అక్షరాలతో ఆర్టీఎస్ పద్ధతిలో తెలుగు కొట్టుకునేవారు. వచ్చిన రచనని మరికొందరు చదివి అభిప్రాయం చెప్పాకే తీసుకునే పద్ధతి పెట్టుకున్నారు, జీతాలు లేవు, పారితోషికాలు లేవు. సంపాదకులు మారుతూ వచ్చారు, పత్రిక పాతికేళ్లు దాటింది. వెనక్కి వెళితే 1920ల నాటి సాహితీ సమితి కనిపిస్తుంది. తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి దానికి సభాపతి. భావకవుల్లో పేరున్నవాళ్లు ఎందరో అందులో ఉన్నారు, ఒకరి పద్యం ఒకరికి వినిపించుకున్నారు. ఇవాళ ఆ సమితి లేదు. లేదని బాధపడాలా? అక్కడ విని, వినిపించి నేర్చుకున్నవాళ్ల కవిత్వం తర్వాతి తరం చదువుకుంది. అయితే అన్నీ నిలవాలని ఎవరన్నారు?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలా సేపు ఆగిపోయాను. ఎందుకు బతికించాలి? మొదలైన ప్రతిదీ కొనసాగితే తప్ప గెలిచినట్టు కాదన్న లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది స్నేహితులు ఒక్క నెలలో తలా ఒక నవల రాద్దామని సరదాగా కూచున్నారు. అదే నానోరైమోగా పెరిగి, నవంబరు వచ్చిందంటే లక్షల మంది 50,000 మాటలు రాయడానికి కూచునేదాకా వెళ్లింది. ఊరూరా కలిపి కూచోబెట్టింది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. ఆఫీసు, విరాళాలు, సిబ్బంది అన్నీ వచ్చాయి. ఆనక డబ్బు చాలలేదు, నడిపేవాళ్ల మీద నమ్మకం కూడా కొంత సడలింది, 2025లో మూసేస్తున్నామని చెప్పేశారు. అంత పెద్దది మూతపడితే మనదెంత అని ఒక మిత్రుడన్నాడు. నాకు వేరేగా తోచింది. సంస్థ పోయినా నవంబరులో కలిసి రాసుకునే అలవాటు చాలామందికి మిగిలిపోయింది. పోకూడనిది ఆ అలవాటే. మా వర్క్‌షాపు సంగతీ అంతే కదా. జూమ్ లింకు నిలబెట్టడం కోసం ఎవరూ కష్టపడక్కర్లేదు. సాటి మనిషి చిత్తుప్రతిని మన సొంత రాతంత శ్రద్ధగా చదివే అలవాటు మాలో కొందరికి పట్టుకుంది, అది ఇంకొందరికి అంటుకునేదాకా ఈ లింకు ఉంటే చాలు.

డబ్బు తీసుకుంటే బాగుపడుతుందన్న వాదన ఒకటి తరచూ వస్తుంది. ఉచితంగా వచ్చినదానికి విలువుండదని, నెలకి ఇంతని పెడితే మనుషులు బుద్ధిగా వస్తారని. జూమ్ ఖర్చు తలాకొంత వేసుకోవడం వేరు, అది చేస్తున్నాం, తెర మధ్యలో ఆరిపోవడం మానింది. ఫీజు మాత్రం నాకు మింగుడు పడదు. డబ్బు కట్టిన మనిషి తన కథ గురించి చెప్పించుకోవడానికి వస్తాడు, ఇతరుల కథ వినడానికి ఎందుకొస్తాడు? వాళ్ల కథ చదవడం మేడమ్ పని, ఫీజు తీసుకున్నారుగా అంటాడు, అలా అనడంలో తప్పు కూడా లేదు. అప్పుడు పది మంది ఒకరికొకరు పాఠకులుగా ఉండాల్సిన చోట ఒక గురువూ పది మంది శిష్యులూ మిగులుతారు. గురుశిష్య పద్ధతి చెడ్డదనను. అది వేరే వ్యవహారం, దానికి వేరే గౌరవం ఉంది. ఇక జీతం లేని పనికి మాత్రం దాని ఇబ్బందులు లేవా? ఉన్నాయి. అలసట ఉంటుంది. ‘నేనే ఎందుకు చేయాలి’ అన్న ప్రశ్న ఏదో ఒక ఆదివారం రాక తప్పదు. ఆ ప్రశ్న వచ్చిన మనిషిని త్యాగమూర్తి అని పొగిడి మళ్లీ అదే పనిలో కూచోబెట్టడం మనకి బాగా వచ్చిన విద్య. శాలువా కప్పితే భుజం మీది బరువు దిగిందనుకుంటాం.

మేడమ్ తిరిగొచ్చారు, ఒళ్లో మనవరాలితో సహా తెర మీద కనిపించారు. వెంటనే గ్రూపు కళకళలాడింది. ఇక పాత పద్ధతిలో అంతా ఆవిడకి అప్పజెప్పేస్తే హాయిగా సాగిపోతుందని అందరి మొహాల్లోనూ కనిపించింది. ఆవిడే ఒప్పుకోలేదు. చాలా చర్చలయ్యాక తేలినవి ఇవి. ఆరు నెలలకొక జట్టు. నడిపేది ఇద్దరు, వాళ్ల పక్కన మొదటి వారం నుంచే తర్వాత నడపబోయే మనిషి కూచుని ఉండాలి. పాస్‌వర్డు, కథల జాబితా, ఫోన్ నంబర్లు ముగ్గురి దగ్గరా ఉండాలి. ఆదివారం పొద్దుటి ఫోన్లు కూడా వంతుల వారీగా. మొదటి జట్టులో కువైట్ కుర్రాడు ఉన్నాడు. అతను నడిపిన మొదటి రోజు చర్చ కథని వదిలేసి సినిమాల మీదికి, అక్కణ్ణుంచి సినిమా టికెట్ల ధరల మీదికి పోయింది. ఆపడం అతనికి చేతకాలేదు. మేడమ్ మైకు గుర్తు రెండుసార్లు వెలిగి ఆరింది గానీ మాట బయటికి రాలేదు. ఆవిడ ఆపుకున్నారంటే మేము నేర్చుకోవాలనే. కొన్ని వారాలు ఇలాగే ఉంటాయి. పిలిచినవాళ్లు రారు, వచ్చినవాళ్లు చదవరు, లింకు తప్పు పంపుతారు. బాగా నడిచిన రోజులు రుచి చూసినవాళ్లకి ఇది భరించడం కష్టం. పనిని చేతులు మార్చడానికి కట్టాల్సిన ధర అదేనని నాకు నేను చెప్పుకుంటున్నాను, అన్ని శనివారాలూ నమ్మకంగా చెప్పుకోగలుగుతున్నానని మాత్రం అనలేను.

మేము రాసుకున్నవాటిలో చివరిది మొదట ఎవరికీ నచ్చలేదు. ఆరు నెలలు పూర్తయ్యేనాటికి తర్వాతి జట్టుకి ముగ్గురు ముందుకు రాకపోతే వర్క్‌షాపుని మూసేద్దాం, ఎవరినీ బతిమాలొద్దు అని. అంత నిర్దయ ఎందుకండీ అని పెద్దాయన నొచ్చుకున్నారు. పుట్టిన దానికి చావు తేదీ ముందే రాసినట్టుందని ఇంకొకరు అన్నారు. నాకు మాత్రం మొత్తం ఏర్పాటులో ఆ ఒక్క షరతు మీదే నమ్మకం. ఇన్నాళ్లూ మా చేత పని మాన్పించింది ఏమిటి? ఎలాగూ ఇది ఆగదు, ఎవరో ఒకరు చూసుకుంటారు అన్న ధీమా. ఆ ‘ఎవరో ఒకరు’ ఎప్పుడూ ఒకే మనిషి కావడం మాకు తట్టలేదు. నిజంగా ఆగిపోవచ్చని తెలిసిన చోట మనిషి ఒకసారి తన క్యాలెండరు తీసి చూసుకుంటాడు. చూసుకుని, నావల్ల కాదు అన్నా సరే, అది కూడా నిజాయితీగా చెప్పిన జవాబే. అలా చెప్పేవాళ్లే ఎక్కువైతే మూసేద్దాం. చదవని వర్క్‌షాపుకి కాపలా కాయడం కంటే, చదివే నలుగురం ఎవరి కథ వాళ్లు ఆ నలుగురికే పంపుకోవడం మేలు. ఇప్పటికి తర్వాతి జట్టుకి ఇద్దరు పేర్లిచ్చారు. మూడో పేరు నాదే ఇచ్చాను. ఇచ్చాక కొంచెం భయంగానే ఉంది, వచ్చే నెల కథ ఇస్తానన్నావిడ ఫోన్ ఎత్తడం లేదు.